ఆదివారం విశ్రాంతి, సోమవారం అశాంతి

"స్టేబుల్‌ది కావాలండి" అని ఉదయ్‌కుమార్ అరిచాడు. లేతు మిషను అంతకంటే గట్టిగా అరిచింది. ఆ రెండు అరుపుల మధ్య పాపం 'స్' నలిగి చచ్చింది. మర్నాడు తణుకులోని జ్ఞానప్రకాశం గారి వర్క్‌షాపులోకి నలుగురు మనుషుల భుజాలెక్కి టేకు టేబులొకటి ఊరేగుతూ వచ్చింది.

"ఇదేంటండి?" అన్నాడు ఉదయ్.

"నువ్వడిగిందేనయ్యా. దీనిమీద పెడితే కంప్యూటర్ కదలదు."

"కదలకూడనిది కంప్యూటర్ కాదండి. అందులో ఉండే ఓఎస్, ఆపరేటింగ్ సిస్టమ్."

"ఆపరేషన్ కూడానా?"

మానిటర్ వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. జ్ఞానప్రకాశం గారమ్మాయి మెర్సీ. ఆ నవ్వుకి ఉదయ్‌కుమార్ అనే సిస్టమ్ అక్కడికక్కడే హ్యాంగైపోయింది. రీస్టార్ట్ అవడానికి టీ కావలసొచ్చింది.

ఆ షాపులో చెరుకు మిల్లులకి పళ్ళ చక్రాలు చేస్తారు. మెర్సీ కంప్యూటర్లో బొమ్మ గీస్తే, పక్కనున్న కొత్త మిషను ఆ బొమ్మ ప్రకారం ఇనుము కోస్తుంది. ఆ డిజైన్ సాఫ్ట్‌వేరుకి మాత్రం ఏనుగంత బరువు, కొత్తల్లుడంత అలక. కింద ఓఎస్ గట్టిగా లేకపోతే చక్రానికి పళ్ళు రాకముందే అది పళ్ళికిలిస్తుంది. దానికి తగ్గ ఓఎస్ చూసిపెట్టమనే, అదే ఊళ్ళో కంప్యూటర్ షాపు నడుపుతున్న ఉదయ్‌ని పిలిచారు. ఉదయ్‌ది మొగల్తూరు. వాళ్ళ నాన్న సముద్రంలో వల వేస్తాడు, కొడుకు షాపుల్లో నెట్‌వర్క్ వేస్తాడు. మొత్తానికి వలే కులవృత్తి.

ముందు, అప్పుడే విడుదలైన సరికొత్త విండోస్ వేశాడు. సోమవారానికి చచ్చింది. లైనక్స్ అనే ఇంకో ఓఎస్ వేశాడు. డిజైన్ సాఫ్ట్‌వేరు దాన్ని పిలవని పేరంటాలిలా గుమ్మంలోనే నిలబెట్టేసింది. చివరికి సాఫ్ట్‌వేరు కంపెనీవాళ్ళే పరీక్షించి సరేనన్న పాత వెర్షను వెతికి వేశాడు. మంగళవారం నుంచి శనివారం దాకా బంగారంలా నడిచింది. సోమవారం పొద్దున్న చూస్తే మళ్ళీ నల్లతెర.

ఎన్నిసార్లు నిలబెట్టినా అంతే. సోమవారం వచ్చిందంటే సిస్టమ్ పడుకోవడం, ఫోన్ మోగడం, ఉదయ్ రావడం.

"ఒక మాటడుగుతాను, ఏమనుకోకండి" అంది మెర్సీ ఒక సోమవారం. బయట వాన రేకులమీద దరువేస్తోంది. "ఇది సోమవారమే ఎందుకు పాడవుతుందండి?"

"అదే నాకూ అర్థం కావట్లేదండి."

"నాన్నగారికి అర్థమైందట. మళ్ళీ రావడానికి మీరే ఏదో చేసి వెళ్తున్నారంట."

ఉదయ్ చేతిలోని స్క్రూడ్రైవరు జారింది. "మీరేమన్నారు?"

"కాదని చెబుదామనుకున్నానండి. కానీ మీరు ఇస్త్రీ చొక్కాలో వస్తున్నారు. రిపేరుకి ఇస్త్రీ చొక్కాలో ఎవరొస్తారండి?"

ఉదయ్ వంగి స్క్రూడ్రైవరు వెతుక్కున్నాడు. ఉన్నది చెబితే నేరం ఒప్పుకున్నట్టే ఉంటుంది.

అంతలో జ్ఞానప్రకాశం గారే వచ్చారు. "అబ్బాయ్, మిల్లులు తిరిగే రోజులొచ్చేస్తున్నాయి. వచ్చే సోమవారం కూడా ఇది పడుకుందంటే ఈ మిషను అమ్మేస్తాను. నువ్వు మళ్ళీ ఈ గుమ్మం ఎక్కొద్దు."

ఆ వారమంతా ఉదయ్‌కి కాలు నిలవలేదు. అన్నంలో మజ్జిగ పోసుకోబోయి పప్పు పోసుకున్నాడు. దొంగ అనిపించుకోవడం ఒక బాధ. మెర్సీ చేత అనిపించుకోవడం ఇంకో బాధ. శనివారం ఆమెకి ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున్నే షాపు తలుపు తీసి ఉంచుతారా? ఆదివారం లోపల ఏం జరుగుతోందో చూడాలండి."

"తీస్తాను. మాసిన చొక్కాలో రండి."

ఆదివారం. సన్నగా జల్లు. టేకు టేబులు వెనక ముక్కాలిపీట మీద ఉదయ్ కూర్చున్నాడు. తెరమీద మెర్సీ శనివారం సాయంత్రం మొదలుపెట్టి వెళ్ళిన లెక్క నడుస్తోంది. ఇనుముని ఏ దారిలో కొయ్యాలో కంప్యూటర్ గీసుకుంటూ పోతోంది. లుథరన్ చర్చి గంట వినబడింది.

తెల్లబట్టల్లో జ్ఞానప్రకాశం గారు లోపలికొచ్చారు. కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. యూపీఎస్ బొత్తం నొక్కారు. గోడమీది మెయిన్ స్విచ్ దించేశారు. తెర ఆరిపోయింది.

"అదేంటండి, ఆపేశారు?" అంటూ లేచాడు ఉదయ్.

పెద్దాయన ఉలిక్కిపడ్డారు. "నువ్వెప్పుడొచ్చావ్? ఆరు దినాలు పనిచేసి ఏడో దినం విశ్రమించమన్నాడయ్యా దేవుడు. మిషన్లకి మాత్రం ప్రాణం కాదా? మా నాన్నగారి కొలిమి నుంచీ ఇదే ఆచారం. సోమవారం అందరికంటే ముందొచ్చి నేనే వేస్తాను."

ఈ మాటలు విని, చర్చికి బయల్దేరి గుమ్మం బయట ఆగిన మెర్సీ, వాళ్ళమ్మ బేబి గారు గొడుగులతో సహా లోపలికొచ్చేశారు.

"లేతులే ఆపుతారనుకున్నాను నాన్నగారూ, కంప్యూటర్ కూడానా?" అంది మెర్సీ.

ఉదయ్ గొంతు సవరించుకున్నాడు. "మా నాన్న కూడా సెలవు రోజున పడవ ఇంజను ఆపుతాడండి. కాకపోతే ఒడ్డుకి చేరాక ఆపుతాడు. మీరు నడిసముద్రంలో ఆపేస్తున్నారు. ఓఎస్ ఏదో రాసుకుంటూ ఉండగా చేతిలో కలం లాగేస్తే అది ఎలా బతుకుతుందండి? శనివారం షట్‌డౌన్ చేసి పడుకోబెట్టండి. ఆదివారం మెయిన్ మీ ఇష్టం. ఈ పాత వెర్షన్నే ఉంచుదాం. అప్‌డేట్లు మెర్సీ గారు చెప్పినప్పుడే."

జ్ఞానప్రకాశం గారు స్విచ్ వంక, ఆరిన తెర వంక మార్చిమార్చి చూశారు. "నిన్ను అనుమానించాను అబ్బాయ్, తప్పే. ఇంక సోమవారం పాడవదుగా?"

"పాడవదండి."

"అయితే నీకింక రావలసిన పనిలేదు."

ఉదయ్ నేలచూపులు చూశాడు. "పని లేకపోయినా వస్తానండి. సిస్టమ్ నేను పాడుచెయ్యలేదు. ఇస్త్రీ చొక్కా మాత్రం నిజమేనండి."

షాపు లోపల వాన లేకపోయినా మెర్సీ గొడుగు విప్పింది. గొడుగు చాటున ఆమె నవ్వుతోందని గొడుగు కదలికే చెప్పేసింది. తండ్రి ఆ గొడుగు వంక చూసి, ఉదయ్ వైపు తిరిగారు.

"వచ్చే ఆదివారం మీ అమ్మానాన్నల్ని భోజనానికి తీసుకురా" అన్నారు. "ఇంజను ఎక్కడ ఆపాలో ఆయన్నడిగి తెలుసుకుంటాను."

"భోజనానికి ఈ టేకు టేబులుందిగా" అన్నారు బేబి గారు. "అసలిది ఎందుకు కొన్నారండి?"

"నేను స్టేబుల్ అన్నానండి. లేతు మోతలో టేబుల్ అని వినబడింది."

"స్టేబుల్ అంటే?"

"నిలకడగా ఉండేదమ్మా" అంది మెర్సీ గొడుగు దించి, ఉదయ్‌నే చూస్తూ. "మాటిమాటికీ మార్చుకోనక్కర్లేనిది."

మెయిన్ ఆపేసే ఉంది కాబట్టి, ఈసారి ఆ మాట అందరికీ సరిగ్గానే వినబడింది.