పదకొండు నిమిషాల ట్రంక్ కాల్

"సజ్జలు ఎండినాయా?"

"లేదు, ముసురు పట్టింది."

కోడ్ సరిపోయింది. గూఢచారి శాఖ చీఫ్, తన ఏజెంట్ మనోరమ చేతిలో ఫైలు పెట్టాడు.

"జహీరాబాద్. రాడార్ ఫ్యాక్టరీ క్లర్క్ శరణమ్మ. ట్రంక్ కాల్‌లో భర్తతో మాట్లాడిన మాటల్ని ఎవరో టేప్ చేసి, ముక్కలు కోసి, బూతులుగా అతికించారు. సోమవారం ఐదింటికల్లా సంతకు రాడార్ డ్రాయింగ్ తెచ్చివ్వకపోతే ఆ క్యాసెట్ అక్కడి చీరల దుకాణం మైకులో వేస్తారట. వెనక విదేశీ ముఠా ఉంది."

"ఆమె ఫిర్యాదు చెయ్యలేదా?"

"మూడుసార్లు. ఫోన్ లైన్ల విచారణాధికారి రేవణసిద్ధప్పకు."

ఆ మహానుభావుడు మూడు అర్జీల మీదా ఒకటే రాశాడు: "ఫోన్ పెట్టేయండి. సమస్య ఉండదు." ఆడమనిషి బతుకు బజారున పడబోతుంటే ఇదీ ఆయనగారి విచారణ! గోడమీది బల్లి నయం, చప్పుడైనా చేస్తుంది.

సోమవారం పొద్దున్నే మనోరమ శరణమ్మ ఫోన్‌కు టేప్ రికార్డర్ తగిలించింది. పన్నెండింటికి హైదరాబాద్ నుంచి ట్రంక్ కాల్. గుడ్డ అడ్డం పెట్టుకున్న మగగొంతు పదకొండు నిమిషాలు బెదిరించింది.

శరణమ్మ ఫోన్ పెట్టేసింది. "అక్కా, ఇస్తే దేశద్రోహం. ఇయ్యకుంటే రేపటిసంది బజార్ల ఎట్ల నడుస్త?"

మనోరమ చూపు గడియారం మీదే ఉంది. ఆ రోజుల్లో ట్రంక్ కాల్ అంటే, మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకుంటున్నా సరే, మూడు నిమిషాలకోసారి 'టైమైంది, పొడిగించాలా?' అంటూ ఆపరేటర్ మధ్యలో దూరాల్సిందే. ఇందాక ఎవరూ దూరలేదు!

ఎక్స్ఛేంజ్‌కు ఫోన్ చేసింది. ఆపరేటర్ గిరిజమ్మ పలికింది.

"అది డిపార్ట్‌మెంట్ కాల్ మేడమ్. వాళ్ళ నడుమల మేం రాం. రేవణసిద్ధప్ప సారే ఆ కాల్ చేసిండు. 'శరణమ్మ కేసు ఎంక్వైరీ' అని రాయించిండు."

"మూడు అర్జీలకు కదలనివాడు దీనికి కదిలాడన్నమాట! గిరిజమ్మా, ఐదింటికి సంతకు రా."

ఐదుకు రెండు నిమిషాలు. చీరల దుకాణం మైకు దగ్గర రొట్టెలమ్మే ముసలమ్మ గంప దించింది. మైకువాడికి వేడి జొన్నరొట్టె అందించి, వాడు అటు తిరగ్గానే క్యాసెట్ మార్చేసింది. డ్రాయింగ్ కోసం వచ్చిన రేవణసిద్ధప్ప కొంచెం దూరంలో వాచీ చూసుకుంటున్నాడు. శరణమ్మ రాలేదు. ఆయన మైకువాడికి వెయ్యమన్నట్టు తల ఊపాడు.

మైకు గరగరలాడింది. "శరణమ్మా, డ్రాయింగ్ తెస్తావా, నీ పరువు తియ్యమంటావా?"

గుడ్డ చాటు గొంతు ఎవరిదో సంతలో ఒక్కరికీ తెలియదు. కానీ గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకోక మానడు కదా!

"ఆపండి! నా కాల్ ఎవడ్రా టేప్ చేసింది?" అంటూ ఆయన మైకు మీదికి ఉరికాడు. రొట్టెల ముసలమ్మ నెరిసిన విగ్గు తీసింది. మనోరమ! తుపాకీ ఆయన పొట్టకు ఆనించింది. ఆయన కోటు జేబులో ముక్కలు కొయ్యని అసలు టేపూ, ముఠా ఫోన్ నంబరూ దొరికాయి.

గిరిజమ్మ మైకు అందుకుంది. "మూడు నిమిషాలైనయ్ సార్. ఇంకో మూడు కావాల్నా?"

సంతంతా గొల్లున నవ్వింది. శరణమ్మ మర్నాడు ఆ బజారులోంచే నడిచి డ్యూటీకి పోయింది.

రేవణసిద్ధప్పను పెట్టిన జైలు గదిలో ఫోన్ లేదు. కాబట్టి ఆయన రాసినట్టే, సమస్య కూడా లేదు.