వానొస్తే కవర్ పట్టేదెవరు

పోనీ, ‘చూద్దాం’ అన్నా సరిపోయేది. ‘ఇంకా ఏమీ అనుకోలేదు’ అన్నా నష్టం లేదు. వనజాక్షి అడిగింది ఒకటే మాట: “సారూ, నువ్వూ పోతాండావా?” దానికి ఏ మనిషైనా అవుననో కాదనో చెబుతాడు. ఓబిలేష్ మాత్రం, “అక్కడ స్కోర్‌బోర్డు ఎల్‌ఈడీ అంట” అన్నాడు.

ఎల్‌ఈడీ సంగతి ఎవరడిగారు? నిన్న సాయంత్రం నుంచి తనను తాను అడుగుతూనే ఉన్నాడు. లోపల ఒక మాట పుడుతుంది. అది గొంతు దాకా వచ్చి, ఎందుకో జంకి, పక్కనున్న ఏదో పనికిరాని మాటను ముందుకు తోస్తుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే. ఆమె మొహంలో అప్పుడు ఏమి కనిపించింది? కోపమా? కాదు. కోపమైతే బాగుండేది. చిన్నగా తల ఊపి, “అయితే వెలుతురు బాగుంటాది” అని రోలర్ వైపు నడిచిపోయింది.

“ఏమప్పా ఓబిలేషూ, నా చెయ్యి పడిపోతాంది.”

మైదానం నడుమ నుంచి అంపైర్ అరిచాడు. బౌండరీ సైగ చేసి, స్కోరర్ చెయ్యెత్తి చూశానని చెప్పేదాకా ఆట సాగనివ్వకూడదు గనక, పాపం ఆయన గాలిలో చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఓబిలేష్ ఉలిక్కిపడి చెయ్యెత్తాడు. పుస్తకంలో నాలుగు వేశాడు. పన్నెండో ఓవర్.

పెన్నా పాంథర్స్ జట్టుకు ఇది ఆఖరి ఆట. పుట్టి రెండు సీజన్లే అయింది. పేరులోని పెన్నలో నీళ్ళు ఎన్ని ఉంటాయో, జట్టు ఖాతాలో గెలుపులూ అన్నే. కొత్తగా కొన్నవాళ్ళు దాన్ని కోస్తా వైపు తీసుకుపోతున్నారు. ఆట ముగియగానే బస్సు బయలుదేరుతుంది. అందులో ఓబిలేష్‌కు కూడా ఒక సీటు ఉంచానని, ఎక్కుతాడో లేదో ఈరోజే తేల్చమని మేనేజర్ విష్ణువర్ధన్ చెప్పాడు.

ఎక్కకపోతే ధర్మవరంలో నాయన శ్రీరంగప్ప మగ్గం ఉంది, లెక్కల ట్యూషన్లు ఉన్నాయి. ఎక్కితే మంచి ఉద్యోగం. కానీ ఆ బస్సులో వనజాక్షి ఉండదు.

వనజాక్షి ఈ గ్రౌండ్ క్యూరేటర్. పక్క ఊరి రైతు నాగన్న కూతురు, అగ్రికల్చర్ డిప్లొమా చదివింది. అనంతపురం బయట ఈ కంకర నేల మీద ట్యాంకర్ నీళ్ళతో గడ్డి పెంచింది ఆమే. మొదటి రోజు కొలతలు చూద్దామని ఓబిలేష్ పిచ్ మీదికి నడిస్తే, వెనక నుంచి కేక వేసింది.

“చెప్పులు ఇడిసిపెట్టు సారూ.”

“నేను స్కోరర్‌ని మేడమ్.”

“నువ్వు కలెక్టర్ అయితే నాకేంది? దీనికి పోసినన్ని నీళ్ళు మా ఇంట్లో మేం తాగల్యా. ఇంగ ఆ మేడమ్ అనేది ఆపు. బ్యాంకులో ఉన్నట్టుండాది.”

అతను చెప్పులు విడిచాడు. మేడమ్ మాత్రం మానలేదు. రెండేళ్ళు అలాగే గడిచాయి. బౌండరీ దగ్గరి తెల్ల పరదా చాటు నుంచి ఆమె ఏదో ఒకటి అనేది, అతను దానికి కాస్త వంకరగా జవాబు చెప్పేవాడు, ఇంటికి పోయే బస్సులో సరైన జవాబు తట్టేది.

పద్నాలుగో ఓవర్‌లో బళ్ళారి దిక్కు నుంచి మబ్బు లేచింది. జూన్ అంతా అలాంటి మబ్బులు ఎన్నో వచ్చి, మాట ఇచ్చి పోయినవే. ఇది మాత్రం నల్లగా, నిదానంగా, నమ్మకంగా వచ్చింది. మొదటి చినుకు స్కోరు పుస్తకం మీద, సరిగ్గా మొత్తం వేసే గడిలో పడింది.

“ఎర్రన్నా, కవర్ పట్టండన్నా,” వనజాక్షి కేక వేసింది.

గ్రౌండ్ స్టాఫ్ ఎనిమిది మంది. అందరూ చుట్టుపక్కల మెట్ట రైతులే. పెద్దవాడు ఎర్రన్న ఆకాశం చూశాడు, అరచేయి చాపి చినుకుల బరువు చూశాడు.

“కవరా? ఇది పదును వాన తల్లీ. ఊర్లో ఉండేది రెండు ట్రాక్టర్లు. ముందు పోయి చెప్పుకున్నోడికే రేపు విత్తనం పడేది.”

“అన్నా, ఆట జరగతాంది గదా.”

“మళ్ళీ ఆడుకుంటార్లే. వాన మళ్ళీ వస్తాదా?”

ఎనిమిది మందీ పంచెలు, ప్యాంట్లు పైకి పట్టుకుని బౌండరీ తాడు దాటి పరుగెత్తారు. రెండు సీజన్లలో ఆ మైదానంలో అంత చక్కటి పరుగు ఎవరూ తీయలేదు. ఆటగాళ్ళు ఇంకో వైపు డ్రెస్సింగ్ రూమ్‌కు పరుగు తీశారు. నడుమ మిగిలింది వనజాక్షి, ఆమె కంటే పదింతలున్న నీలం టార్పాలిన్ కవర్.

“సారూ, ఆ పుస్తకం ఆడ పెట్టి రా.”

“స్కోరర్ సీటు వదలకూడదు మేడ...” అంటూనే ఓబిలేష్ మెట్లు దిగేశాడు. దిగాక గాని తనేం చేస్తున్నాడో అతనికి తెలియలేదు.

“గాలికి ఎదురు లాగద్దు. నేతగాళ్ళ ఇంట్లో పుట్టినావు, గుడ్డ పట్టడం రాదా?”

“మా గుడ్డ ఎగరదు.”

“అబ్బో, మాటలొస్తాండాయే.”

తడిసి, జారి, ఒకసారి ఇద్దరూ మోకాళ్ళ మీద పడి, చివరికి పిచ్ మొత్తం కప్పారు. బరువుకు పెట్టాల్సిన ఇసుక మూటలు మోసేవాళ్ళు లేరు. గాలి వచ్చే వైపు అంచు మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తాడు పట్టుకున్నారు. వాన వీపుల మీద దరువు వేస్తోంది. ఆమె నవ్వుతోంది.

“ఎందుకు నవ్వుతాండావు?”

“మా నాయన మబ్బు చూసి దండం పెడతాడు. అదే ఇంట్లో నేను, మ్యాచ్ ఉండాది, ఈరోజు వద్దు స్వామీ అని మొక్కతా. ఒకే దేవుడు. ఎవరి మాట వినల్ల?”

“మీ నాయనకు తెలుసా?”

“తెలీకేం. రెండేండ్ల కరువు నీ పున్యమే అంటాడు.”

మైకు గరగరలాడింది. విష్ణువర్ధన్ గొంతు. “మ్యాచ్ రద్దయింది. బస్సు పది నిమిషాల్లో పోతాది. స్కోరర్ ఓబిలేష్ యాడున్నా గేటు దగ్గరికి రావల్ల.”

“పిలుస్తాండారు,” అంది వనజాక్షి. నవ్వు ఆగిపోయింది.

“విన్నా.”

“మళ్ళీ అడుగుతా. ఈ తూరి లైట్ల గురించి చెప్పినావంటే నిన్ను ఈ కవర్‌లో చుట్టి బస్సు టాపు మీదికి ఎక్కిస్తా. పోతాండావా?”

“నువ్వేం చేస్తావు?”

“నాకేం, కాలేజీ గ్రౌండ్ చూసుకోమన్నారు. పొద్దున ఆడ, సాయంత్రం చేన్లో. నేను యాడికీ పోను.” వానలోకి చూస్తూ అంది. “నువ్వు ఉంటే నాకు ఇష్టం. పోతే రెండు దినాలు ఏడుస్తా. మూడో దినం విత్తనం ఎయ్యాల గదా, మానేస్తా.”

అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగింది? అతను ఆశ్చర్యంగా చూశాడు. తేలిగ్గా ఏమీ చెప్పలేదు. తాడు కొసను వేలికి చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతోంది. రెండేళ్ళుగా జంకేది తనొక్కడే అనుకున్నాడు. అటువైపు కూడా ఒక మనిషి జంకుతూనే, ప్రతిసారీ ముందుకు వస్తూనే ఉందని ఇప్పుడు గాని తట్టలేదు.

గేటు దగ్గర బస్సు హారన్ కొట్టింది.

జవాబు కోసం వెతికాడు. దొరికింది కూడా: ‘రద్దయిన ఆటకూ రిపోర్టు రాయాల.’ నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను పళ్ళ నడుమ పట్టి మింగేశాడు.

రెండోసారి హారన్ మోగింది.

ఆమె చెయ్యి జానెడు దూరంలో ఉంది. అతని చూపు అటు పోవడం ఆమె గమనించింది.

“సారూ, తాడు ఇడిస్తే కవర్ లేచిపోతాది,” అంది మెల్లగా.

ఓబిలేష్ తాడు వదిలి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.