మొద్దుబారాల్సిన కత్తి

ఎల్‌బీ నగర్‌లో ప్రసన్నకుమార్ కత్తుల దుకాణం షటర్ మోకాలెత్తు దాకా దిగి ఉంది. లోపల స్టూలు మీద పనివాడు మహిపాల్‌ని గంట నుంచీ కదలనివ్వడం లేదు. ఆరింటికల్లా నేరం ఒప్పుకోకపోతే పోలీసులను పిలుస్తానని సేటు ప్రసన్నకుమార్ తేల్చి చెప్పాడు. కానిస్టేబుల్‌గా సెలెక్టయి జాయినింగ్ ఆర్డర్ కోసం చూస్తున్నవాడి మీద కేసు పడితే ఇంకేముంది, మూడేళ్ల కష్టం మట్టిపాలే!

ఆ పొద్దున మేడ మీదికి సరుకు లాగే తాడు తెగి, కొత్త కత్తుల పెట్టె సేటు భుజం మీద పడింది. ఎముక విరిగింది. చూస్తే, తాడును ఎవరో ముందే ముప్పావు వంతు నున్నగా కోసి పెట్టారు.

షటర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చింది డిటెక్టివ్ కుసుమకుమారి. మహిపాల్ అక్క రమ్య ఏడుస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె ఆఫీసుకు పరుగెత్తింది మరి. వెనకే నోటుబుక్కుతో అసిస్టెంటు సాధన.

"ఇతని మీదే అనుమానం ఎందుకు?" అని అడిగింది కుసుమకుమారి.

భుజానికి కట్టుతోనే సేటు మండిపడ్డాడు. "నిన్న మూడు జేబుకత్తులకు పరీక్ష పెట్టిన మేడమ్. ఏ ఉక్కు పదును ఎన్ని కోతలు ఆగుతదో చూద్దామని జనపతాడు కోసుకుంట పోయినం. చవక స్టీలు నలభై కోతలకే మొద్దుబారింది. కార్బన్ స్టీలు తొంభైకి. ఖరీదైన పౌడర్ స్టీలు మూడొందలైనా పదును దిగలే. మిగిలిన సరుకంత సీలు పెట్టెలల్ల ఉంది. మొద్దువడ్డ రెండు బల్ల మీదనే వడి ఉన్నయి. పదునున్నది గదొక్కటే, దాని డ్రాయరు తాళం వీని జేబుల ఉండె!"

"మొద్దుబారినవాటికి సాన పట్టుకోవచ్చుగా?"

"ఎట్ల పడ్తరు? పరీక్ష కాంగనే సాన మిషను, రాళ్లు మూటగట్టి పంపించిన. గిసొంటి ఉక్కు వచ్చినంక సాన ఎవరికి గావాలె?"

మూలన, నిన్నటిదాకా సాన పట్టే పని చేసిన అంతయ్య తన పింగాణి కప్పులో టీ తాగుతున్నాడు. మిగతావాళ్లవి పేపర్ కప్పులు.

"అంతయ్య గారూ, పరీక్ష తర్వాత ఆ కత్తుల్ని ముట్టుకున్నారా?"

"లేదమ్మ. నాకేం పని?"

కుసుమకుమారి ఆ మూడు కత్తులూ తెప్పించి, పాత పేపరు అందుకుంది. పౌడర్ స్టీలు కాగితాన్ని కోసింది. కార్బన్ స్టీలు చింపింది. చవక కత్తి సర్రున దిగిపోయింది.

"అయ్యో మేడమ్, ఇది మొద్దుబారిందన్నరు గదా!" సాధన నోరెళ్లబెట్టింది.

"అందరూ ఇలా రండి."

ఆమె అంతయ్య కప్పులో మిగిలిన టీ పారబోసి, బోర్లించింది. అడుగున గరుకు అంచు మీద నల్లటి గీతలు.

"రాళ్లు లేకపోతేనేం, పింగాణి అంచు చాలు. నిన్న సాయంత్రం దీనిమీదే చవక కత్తికి పదునుపెట్టి తాడు కోశారు. తర్వాత దాన్ని నేలకేసి నాలుగుసార్లు రుద్ది ఉంటే మళ్లీ మొద్దయ్యేది, ఎవరికీ తెలిసేది కాదు. మీ చేతులు అందుకు ఒప్పుకోలేదు, కదా?"

అంతయ్య తల దించుకున్నాడు. "ముప్పై ఏండ్లమ్మ. ఒక్క కత్తిని చెడగొట్టలే నేను. సాన బల్ల తీసేసిండు, బతుకు తీసేసిండు. పెట్టె పడి కొత్త కత్తులు పాడైతే చాలనుకున్న. కింద సేటు నిలబడ్తడని ఎర్క లేదు."

మహిపాల్ ఒక్కుదుటున లేచాడు. ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. "నేను గీడ సస్తుంటే చాయ్ తాక్కుంట చూసినవా కాకా?"

"నోరు రాలే బిడ్డా."

సేటు ఫోన్ తీశాడు. "మహిపాల్, ఆయన్ని పట్టుకోరా! ఉరుకుతడు."

మహిపాల్ ఆ ముసలి మణికట్టు పట్టుకున్నాడు. అంతయ్య లాక్కోలేదు.

"గట్ల కాదు బిడ్డా, గట్టిగ పట్టుకో," అన్నాడు మెల్లగా. "రేపు పోలీసువైనంక నీకు గిదే పని."

మహిపాల్ ఎంత ప్రయత్నించినా తన వేళ్లు బిగుసుకోలేదు.