గురువారం ఫోను

"నోట్లో నాలుక లేదా నీకు? రెండేళ్లయింది! నా కొడుకుతో ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాటైనా మాట్లాడావా?"

నేత్రమణి ఫోను పట్టుకుని కోడలి మీదికి వచ్చింది. కటక్ జైలు నుంచి ప్రతి గురువారం పదకొండింటికి దిబాకర చేసే ఫోను అది. ఈసారి అతనన్న మాటను చెవిటి తల్లి మూడుసార్లు చెప్పించుకుని మరీ వింది. 'కుంజకి నేనంటే మనసు విరిగినట్టుంది. పుట్టింటికి వెళ్తానంటే వెళ్లమనమ్మా. నేను ఆపను.'

కుంజలత పఖాళ చద్దన్నం గిన్నె కింద పెట్టి గోడకు చేరగిలబడింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి! కాలువ నీళ్ల కొట్లాటలో ఏడేళ్లు శిక్షపడిన మనిషి కోసం ఇల్లూ పొలమూ ఒంటిచేత్తో లాక్కొస్తున్న ఇల్లాలు వినాల్సిన మాటేనా అది?

"సోమవారం ములాఖత్‌కి వెళ్దాం అత్తయ్యా. ఈ మోకాళ్లతో మిమ్మల్ని ఒంటరిగా వదల్లేక ఇన్నాళ్లూ వెళ్లలేదు. నూనె రాస్తాను, ఎలాగో బస్సెక్కుదురు గాని."

"పద! నీ ఎదురుగానే తేలుస్తాను!"

జైల్లో ఇనుప జాలీకి అవతల దిబాకర చిక్కి సగమయ్యాడు. కొడుకును చూడగానే నేత్రమణి భోరుమంది. ఆ వెంటనే కోడలి మీద విరుచుకుపడింది.

"నా మాటలయ్యాక ఫోను దీని చేతికే ఇస్తానురా! చెవి దగ్గర పెట్టుకుని ఊ కొడుతుంది... బదులు మాత్రం చెప్పదు!"

"నువ్విచ్చేసరికి ఇంకేముంటుందమ్మా?" గట్టిగా అరిచాడు దిబాకర. "జైలు ఫోను ఐదు నిమిషాలవగానే దానంతటదే తెగిపోతుంది! ఒక్కసారైనా ముందు కుంజే ఫోను తీస్తుందేమోనని చూశాను..."

నేత్రమణి నిలువునా నీరైపోయింది. ఏం తిన్నావురా, ఆఁ, ఏమిటీ, మళ్లీ చెప్పు... ఐదు నిమిషాలూ తనే తినేసింది! అయితే ఈ పిల్ల రెండేళ్లుగా ఊ కొట్టింది తెగిపోయిన ఫోనుకా!

"నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

"చెబితే మీరు సగంలోనే నాకిచ్చేస్తారు అత్తయ్యా... వారమంతా ఆ గొంతు కోసమేగా మీరు నాలుగు మెతుకులు తింటున్నది!"

ఎంత మనసు! ఇలాంటి కోడలినా తను అన్ని మాటలంది! నేత్రమణి కుంజలత చెంపలు రెండు చేతులా నిమిరి, కళ్లు తుడుచుకుంది.

"ఇకనుంచి గురువారం ఫోను నువ్వే తియ్యి. ఆ వేళకి నేను ఆవుకి కుడితి పెట్టొస్తాను. ఇప్పుడు కూడా మాట్లాడుకోండి, నాకెలాగూ వినపడదు!" అని దూరంగా బల్లమీద వీపు తిప్పి కూర్చుంది.

కుంజలత జాలీ పట్టుకుంది. రెండేళ్ల మాటలు... ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

"ఇవాళ... ఏం తిన్నారు?"

దిబాకర నవ్వబోయి ఏడ్చేశాడు. "పిచ్చిదానా! వారం వారం అమ్మ అడిగేదీ అదేగా!"

"అడగడం విన్నాను... మీరు చెప్పేది నేనెప్పుడూ వినలేదుగా!"