గురువారం అర నిండింది

అమ్మ మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లి పది నిమిషాలైనా కాలేదు. నందిని అప్పుడే షాపుకు ఓనర్ అయిపోయింది.

టేపు తీసి మెడలో వేసుకుంది. కత్తెర పక్కన పెట్టుకుంది. స్టూలు మీద దర్జాగా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఐదో తరగతి చదివే ఓనర్ మిర్యాలగూడ మొత్తంలో తానొక్కతేనని ఆమె నమ్మకం.

షాపంటే పెద్దదేమీ కాదు, వాళ్ల ఇంటి ముందు గది. అమ్మ లీలావతి అందులో జాకెట్లు, ఫ్రాకులు కుడుతుంది. గోడకు ఆరు అరలున్నాయి. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి. ఏ రోజు ఇవ్వాల్సిన బట్టలు ఆ రోజు అరలో పెడుతుంది. అర నిండితే ఇక ఆ రోజుకు ఎవరు అడిగినా ఒప్పుకోదు. పొద్దున తలుపు తీయగానే మిషన్‌కు నూనె వేస్తుంది. ఆ రోజు అర ముందు నిలబడి ఒకసారి చూసుకుంటుంది. టీ తాగడం కూడా ఆ తర్వాతే.

"టైలర్ అన్నంక 'రేపు రా' అనకపోతే ఎట్ల?" అని నాన్న ఆటపట్టిస్తాడు. అమ్మ మాత్రం నవ్వదు.

ఆ బుధవారం సాయంత్రం షేర్ ఆటో దిగి ఒక ముసలామె లోపలికి వచ్చింది. ఆమె కొంగు నిండా ఊక ధూళి.

"మీ అమ్మ లేదా బిడ్డా? నేను జానమ్మను. నేరేడుచర్ల రైసుమిల్లుల పని చేస్త. గీ జాకెట్ జర తొందరగ కావాలె."

"ఎప్పటికి అవ్వా?"

"ఎల్లుండి పొద్దుగాల మా మనవరాలికి బడిల ప్రైజ్ ఇస్తరట. నన్ను గూడ స్టేజి ఎక్కమన్నరు. ఉన్న జాకెట్లన్నీ మిల్లు దుమ్ముకు ఖరాబైనయి."

నందిని గురువారం అర వైపు చూసింది. నిండుగా ఉంది. అన్నిటికన్నా పైన ఉన్న నీలం గుడ్డ తనదే. శుక్రవారం నందిని పుట్టినరోజు. ఆ రోజు యూనిఫాం వేసుకోనక్కర్లేదు, కలర్ డ్రెస్‌లో వెళ్లొచ్చు. కుచ్చుల ఫ్రాక్ వేసుకొస్తానని క్లాసంతా చెప్పేసింది కూడా.

అర నిండిందని చెప్పాలి. కానీ జానమ్మ దగ్గరికి వచ్చి నందిని బుగ్గలు నిమిరింది.

"నా బంగారు తల్లివి గదా, మీ అమ్మకు జర చెప్పు."

దాంతో ఓనరు గారు కరిగిపోయారు.

"రేపు సాయంత్రం రా అవ్వా. అయితది" అంది నందిని.

జానమ్మ మురిసిపోతూ వెళ్లింది. జాకెట్ గుడ్డ, కొలత జాకెట్ ఉన్న కవర్ పెట్టడానికి అరలో చోటు లేదు. నందిని దాన్ని తలుపు వెనక మేకుకు తగిలించింది. అమ్మ రాగానే చెబుదామనుకుంది. ఇంతలో తన క్లాసులో చదివే వర్షిణి ఖోఖోకు పిలిచింది. ఆటలో పడి ఆ సంగతే మరిచిపోయింది.

గురువారం సాయంత్రానికి అమ్మ ఆ రోజు పనంతా ముగించింది. ఇక ఫ్రాక్ ఒక్కటే మిగిలింది. నీలం గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దముక్క తీసుకుంది. నందిని పక్కనే నిలబడి కుచ్చులు ఎక్కడెక్కడ రావాలో చెబుతోంది.

గుమ్మం ముందు ఆటో ఆగింది.

"అయిందా బిడ్డా?" అంటూ జానమ్మ లోపలికి వచ్చింది.

నందినికి తలుపు వెనక కవర్ అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమయింది అవ్వా?" అని అమ్మ అడిగింది.

నందిని మెల్లగా వెళ్లి తలుపు వెనక నుంచి కవర్ తెచ్చింది. వేసిన ముడి కూడా విప్పలేదు. జానమ్మ ఆ ముడి వైపే చూసింది. ఆమెకు కోపం రాలేదు.

"పోనీ తియ్యమ్మా. టైలర్లందరూ గంతే గదా. ఒక పూట పని ఇడిసిపెట్టి వచ్చిన, నాదే తప్పు."

అమ్మ ముఖం చిన్నబోయింది. ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను అంత మాట అనలేదు. నందినికి ఏడుపొచ్చింది. అమ్మ నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

అమ్మ జానమ్మను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. తర్వాత నందినిని లోపలికి పిలిచింది.

"నాకెందుకు చెప్పలే?"

"మర్సిపోయిన."

"అర నిండింది సూసినవ్ గదా. మరెట్ల ఒప్పుకున్నవ్?"

"కాదంటే అవ్వ బాధపడ్తదనుకున్న."

"మరి ఇప్పుడో?"

నందిని ముందు గది వైపు చూసింది.

"ముందు అవ్వది కుట్టు అమ్మా. నా ఫ్రాక్ రాత్రికి కుడుదువు."

"చీకటి పడ్డంక నేను మిషన్ మీద కూసోను, నీకు ఎరికే. కండ్లు ఆనవు, కుట్టు వంకర పోతది. ఇగ ఇయ్యాల ఒక్కటే కుడ్త. అది నీ ఫ్రాక్. నీకిచ్చిన మాట గూడ మాటే నందినీ. దాన్ని నేనైతే పక్కకు పెట్ట."

నందిని ముందు గదిలోకి వచ్చింది. బల్ల మీద నీలం గుడ్డ మెరుస్తోంది. గోడ వారగా జానమ్మ ఆ కవర్ ఒళ్లో పెట్టుకుని, తిరిగి వెళ్లే ఆటో కోసం వీధిలోకి చూస్తోంది. ఆ గుడ్డ తీసేయడానికి నందినికి చేతులు రాలేదు. చివరికి నీలం గుడ్డ మడిచి శనివారం అరలో మిగిలిన కాస్త చోటులో పెట్టింది. జానమ్మ దగ్గరికి వెళ్లి కవర్ అడిగి తీసుకుంది. తానే ముడి విప్పి గుడ్డ బల్ల మీద పరిచింది.

"నీది శనివారం ఇస్త" అంది అమ్మ. కత్తెర అందుకుంది.

చీకటి పడకముందే జాకెట్ పూర్తయింది. జానమ్మ దాన్ని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇగ ప్రైజ్ మనవరాలికా, నాకా?" అని నవ్వింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మా చెల్లెది గూడ ఒకటున్నది బిడ్డా. రేపు పంపిస్త. ఎల్లుండికి ఇస్తరా?"

'ఇస్తం' అనే మాట నందిని నోటి దాకా వచ్చింది. ఆగి శనివారం అర వైపు చూసింది. నీలం గుడ్డతో అదీ నిండిపోయింది.

"ఎల్లుండి కాదు అవ్వా."

జానమ్మ నవ్వు కాస్త తగ్గింది. నందినికి అది చూడటం కష్టంగానే ఉంది. అయినా మాట మార్చలేదు. అమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, సోమవారం ఒక జాకెట్ అయితదా?"

"అయితది."

"సోమవారం వచ్చి తీసుకపో అవ్వా."

"మంచిది బిడ్డా, సోమవారమే వస్త" అని జానమ్మ ఆటో ఎక్కింది.

మర్నాడు నందిని యూనిఫాంలోనే బడికి వెళ్లి చాక్లెట్లు పంచింది. వర్షిణి ఊరుకుంటుందా?

"ఏదే నీ కుచ్చుల ఫ్రాక్? అన్నీ కోతలేనా?"

నందిని కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని వర్షిణి చేతిలో చాక్లెట్ పెట్టింది.

"రేపు అయితది."

"పక్కానా?"

"మా అమ్మ చెప్పింది" అని నందిని తర్వాతి బెంచీ దగ్గరికి వెళ్లింది.