కార్డు నాయనది, అడ్రసు కల్లూరుది

ఆ ఉదయం వీరభద్రయ్య ఇంట్లో గొడవ ఉగ్గాని దగ్గర మొదలైంది.

"బొరుగులు ఎంతసేపు నానబెట్టినావు? ఇది ఉగ్గానినా, గంజినా?" అన్నాడు వీరభద్రయ్య, పళ్ళెం కాస్త ముందుకు తోసి.

"వేడిగా ఉన్నప్పుడు పిలిస్తే పేపరు వదిల్తిరా మీరు?" అంది వెంకటలక్ష్మమ్మ.

"పేపరుకూ బొరుగులకూ ఏం పొత్తు?"

"రెండూ తడిస్తే పనికిరావు. మాట్లాడకుండా తినండి."

అజయ్ నవ్వు ఆపుకుంటూ మిరపకాయ బజ్జీ అందుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, ఒక్కడే కొడుకు. మైదుకూరు బజారులోని కిరాణా అంగడిని తండ్రితో కలిసి చూసుకుంటున్నాడు. అమ్మానాయనల ఈ పొద్దుటి పోట్లాట అతనికి కొత్త కాదు.

అంతలో వీరభద్రయ్య ఫోను మోగింది. ఆయనకు ఫోను చెవికి పెట్టుకునే అలవాటు లేదు. స్పీకరు నొక్కి, పళ్ళెం పక్కన పెట్టి, వీధి అవతలి మనిషితో మాట్లాడినంత గట్టిగా మాట్లాడతాడు.

"సార్, ఆన్‌లైన్ స్టోరు వెరిఫికేషన్ నుంచి మాట్లాడుతున్నాం. మీ క్రెడిట్ కార్డు మీద నిన్న ఎయిర్ కూలర్ ఆర్డరు వచ్చింది. మీరే పెట్టారా?"

అజయ్‌కి బజ్జీ కారం అప్పుడే తెలిసింది.

"కూలరా? మా ఇంట్లో రెండుండాయి కదమ్మా."

"డెలివరీ మీ ఇంటికి కాదు సార్. కర్నూలు దగ్గర కల్లూరుకు. తీసుకునేవారి పేరు సాహితి. కార్డు ఒక ఊరిది, అడ్రసు ఇంకో ఊరిది, పేరు కొత్తది. అందుకే ఆపాం. ఆమె మీకు తెలుసా?"

"కల్లూరులో మాకు ఎవురూ లేరు. ఆ పేరే నేను వినలేదు."

"ఆర్డరు మీదే అయితే మధ్యాహ్నం మూడులోపు మీ ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని ఫోటో దిగి పంపండి. లేదంటే రద్దు చేసి, ఆమె వివరాలు సైబర్ పోలీసులకు ఇచ్చేస్తాం."

"ఇయ్యండి, తప్పకుండా ఇయ్యండి. ఎవురో దొంగది. ఆడపిల్లలు కూడా ఈ పనులు మొదలుపెట్టినారా" అని ఆయన ఫోను ఆపేశాడు.

వెంకటలక్ష్మమ్మ ఫోను వైపు చూడలేదు. కొడుకు చెవుల వైపు చూసింది. చిన్నప్పటి నుంచీ ఏదైనా దాస్తే ముందు ఎర్రబడేవి అవే.

ఆ ఇంట్లో అందరికీ ఒకటే కార్డు. అంగడి లైసెన్సూ, కరెంటు మీటరూ, గ్యాసు బుక్కూ ఇంటిపెద్ద పేరు మీద ఉన్నట్టే కార్డు కూడా ఉంది. తల్లి చీర కొన్నా, కొడుకు చెప్పులు కొన్నా దాని మీదే. ఓటీపీ వచ్చినప్పుడు తండ్రి కళ్ళద్దాలు వెతుక్కోలేక ఫోను కొడుకు చేతికిస్తాడు. కార్డు మీద పేరు ఒకరిదీ, కొనే చేయి ఇంకొకరిదీ అయితే బయటివాళ్ళకు అది దొంగతనంలా కనిపిస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. నిన్న అజయ్‌కీ తోచలేదు.

చేయి కడుక్కుని అతను మిద్దె మీదికి పరుగెత్తాడు.

"చెప్పప్పా, కూలర్ దాతా" అంది సాహితి, ఫోను ఎత్తగానే.

మూడేళ్ళ కిందట కడపలో కాలేజీ రక్తదాన శిబిరంలో, కళ్ళు బిగించి పడుకున్న అజయ్‌తో "నా చెయ్యి వదిలితే సూది గుచ్చుతా" అన్న అమ్మాయి ఆమే. సూది గుచ్చింది, తీసింది. చెయ్యి మాత్రం అతను మానసికంగా ఇంకా వదల్లేదు. ఇప్పుడామె కల్లూరులో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తూ, పైకప్పు వేడికి ఉడికిపోయే చిన్న గదిలో అద్దెకుంటోంది.

"ప్రేమించిన పిల్లకు ఎవురన్నా కూలర్ పంపిస్తారా? మైదుకూరులో గులాబీలు లేవా?"

"మీ కల్లూరు ఎండకు గులాబీ వాడిపోతాది. నిద్ర పట్టడం లేదని నువ్వే కదా అంటివి."

అవతల నవ్వు వినిపించి, అంతలోనే ఆగిపోయింది.

"నాకూ మెయిల్ వచ్చినాది అజయ్. మూడులోపు ఐడీ పంపకుంటే పోలీసులకు ఇస్తారంట. కార్డు ఓనరు నాకు ఏమైతాడో కూడా రాయమన్నారు. ఏం రాయాల?"

"మామ అని రాయి."

"ఆయనకు తెలీకుండా ఆయన్ను మామను చేస్తే, అది మోసం కాదా?"

"ఊరికే అన్నా సాహితీ."

"నేను ఊరికే అనడం లేదు. పోలీసులు ల్యాబ్‌కు ఫోను చేస్తే నా ఉద్యోగం ఉంటాదా? ఊళ్ళో మా నాయన తలెత్తుకోగలడా? మూడేండ్లుగా రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అంటాండావు. మీ నాయనకు నేను తెలీదు కాబట్టే ఇయ్యాల దొంగనైనా."



"మూడులోపు నువ్వు చెప్పకుంటే, కూలర్‌తో పాటు నన్ను కూడా క్యాన్సిల్ చేసుకో" అని ఆమె ఫోను పెట్టేసింది.

అంగట్లో పన్నెండు దాకా జనం తెరిపినివ్వలేదు. అజయ్ నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు బెల్లం అడిగారు. పన్నెండున్నరకు నల్లమల వైపు నుంచి మబ్బు కదిలింది. మైదుకూరు వాన కాస్త టక్కరిది. ముందు నాలుగు చినుకులు రేకుల మీద రాల్చి, జనం ఎటు పరుగెడతారో చూసి, అప్పుడు కురుస్తుంది. బజారంతా ఖాళీ అయింది. అంగట్లో తండ్రీ కొడుకులే మిగిలారు.

"నాయనా."

"ఊ."

"ఆ ఆర్డరు నేను పెట్టినా."

వీరభద్రయ్య చేతిలో కందిబేడల చేట ఆగింది.

"సాహితి దొంగ కాదు. నేను పెండ్లి చేసుకుందామనుకున్న పిల్ల."

"పొద్దున చెప్పొచ్చు కదా."

"భయపడినా."

"ఆ పిల్లను నేను దొంగ అంటాంటే, కూర్చుని బజ్జీ తింటాంటివి."

"తినలేదు నాయనా. కొరికినా, అంతే."

వీరభద్రయ్య నవ్వలేదు. "మనోళ్ళేనా?"

"కాదు. కోసిగి కాడ సేద్యగాళ్ళు. వాళ్ళ నాయన పేరు సుబ్బయ్య."

వాన హోరులో చేట మళ్ళీ కదిలింది. ఫోను మోగింది. అలవాటుగా స్పీకరు నొక్కాడు.

"సార్, ఆ అమ్మాయి ఐడీ పంపారు. మీరు ఆమెకు ఏమవుతారని అడిగిన చోట కొంచెం పెద్దగా రాశారు. చదువుతాను వినండి. 'ఈ కార్డు ఓనరు నాకు ఏమీ కారు. వారి అబ్బాయి నాకు తెలుసు. నా సంగతి వారికి ఇంకా తెలియదు. వారు ఒప్పుకుంటేనే కూలర్ పంపండి. లేకుంటే వద్దు.'"

"ఇంకోసారి చదువమ్మా" అన్నాడు వీరభద్రయ్య. ఆమె చదివింది.

"చుట్టం అని రాసుంటే పంపేవాళ్ళా?"

"పొద్దున మీరు కాదనకుంటే, ఆ మాట మీదే పంపేవాళ్ళం సార్."

ఆయన చేట కింద పెట్టాడు. "ముప్పై ఏండ్లుగా ఈ అంగట్లో కూర్చున్నా. కొత్త బియ్యం తెచ్చి పాతవని ఒట్లు పెట్టేవాళ్ళను శానా మందిని చూసినా. తనకు నష్టమైతాదని తెలిసీ ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు వేళ్ళ మీద లెక్క" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "ఫోటో తియ్యి."

మొదటి ఫోటోలో ఆధార్ తలకిందులైంది. రెండోదాంట్లో ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూడోదానికి దువ్వెన తెప్పించుకుని తల దువ్వుకున్నాడు. "నేను నేనే అని చెప్పేదానికి ఇంత అవస్థ ఏందప్పా" అని గొణిగాడు. ఫోటో వెళ్ళింది. వెరిఫికేషన్ పూర్తయిందని కాసేపటికి మెసేజు వచ్చింది.

సాహితి మీది నింద తొలగింది. అజయ్ గుండెల మీది బరువు సగమే దిగింది.  గొడుగు కింద పక్కపక్కనే నడిచి భోజనానికి ఇంటికి వచ్చేటప్పుడు తండ్రి వాన గురించే మాట్లాడాడు.

వెంకటలక్ష్మమ్మ పప్పు వడ్డిస్తూ ఇద్దరి మొహాలూ చూసింది. వీరభద్రయ్య నెమ్మదిగా అన్నం కలిపాడు. ఒక ముద్ద తిన్నాడు, రెండో ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు.

"ఆదివారం అంగడి మూసేస్తాం."

గరిటె గాలిలో నిలిచింది. "మూసి?"

"తెల్లారేలోపు బయలుదేరి కల్లూరు పోతాం. పొద్దున ఆ పాపను నోటికొచ్చినట్టు అన్నా. ముందు ఆమె కాడ ఆ మాట వెనక్కి తీసుకోవాల. ఆమె సరే అంటే, ఆమెను కూడా కార్లో ఎక్కించుకుని కోసిగి పోతాం. మీ పిల్లను మా ఇంటికి ఇయ్యమని సుబ్బయ్యను నేనే అడుగుతా."

ఏ పాప అని వెంకటలక్ష్మమ్మ అడగలేదు. కొడుకు చెవులు పొద్దుటికంటే ఎర్రగా ఉన్నాయి. "మనోళ్ళు కాదంటే మీ అన్నదమ్ములు ఊరుకుంటారా?" అంది నెమ్మదిగా.

"వాళ్ళకు నేను చెప్పుకుంటా. పెండ్లి నా కొడుక్కి."

అజయ్ గ్లాసు అందుకున్నాడు. నీళ్ళు తాగాడు. "నాయనా, అన్నం తిన్నాక ఆమెకు ఫోను చేసి చెప్పేదా?"

"తిన్నాక ఎందుకు, ఇప్పుడే పోయి చెప్పు" అన్నాడు వీరభద్రయ్య, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "పొద్దున్నుంచి ఆ పాప ఏమన్నా తినిందో లేదో."