అత్తమ్మ కలికుండ

ఇరవై నిండకముందే మా హారికకు షుగర్ వచ్చింది. ఒళ్లు బరువు. మెట్లెక్కితే ఆయాసం. తిరిగి తిరిగి అలసిపోయాక, హన్మకొండలో ఇంకో దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టర్ వినోద మందుల కన్నా ముందు లెక్కలు చెప్పింది. పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయట. ఏం తింటే ఏవి పెరుగుతాయో, దాంతో బరువెంత దిగుతుందో కంప్యూటర్‌లో లెక్క కట్టి ముందే గీత గీసి చూస్తారట.

"అంటే నా లోపల ఊరంత సంసారం ఉందన్నట్టు," నవ్వింది నా బిడ్డ. "నువ్వేమో ఊకె నన్నొక్కదాన్నే తిండిపోతంటానవ్!"

పులిసినవి తింటే మంచిదని లెక్కలో వచ్చింది. ఇంట్లో అత్తమ్మ కలికుండ ఉంది. బియ్యం కడిగిన నీళ్లు పోసి పులియబెట్టే మట్టికుండ. పళ్లన్నీ ఊడిన మా అత్తమ్మ మొగిలమ్మ గొంతులో గడ్డ లేచి, ముద్ద దిగక, ఆకలి ఆకలి అంటూనే పోయింది. మనిషి పోతే ఇంట్లో కుండలన్నీ పారేస్తాం. ఆ పులుపు మళ్లీ రాదని ఆ ఒక్కటీ దాచాను.

రోజూ ఆ కలితోనే జొన్న అంబలి కాచి ఇచ్చాను. డాక్టరమ్మ గీసిన గీత మీదే బరువు దిగింది. తర్వాత గీత దాటి దిగింది. ఆగలేదు. బుగ్గలు లోపలికి పోయాయి.

"ఏం పెడుతున్నారమ్మా?" ఫోన్‌లో ఆమె గొంతు మారింది. "మా లెక్కలో లేనిదేదో పిల్ల లోపల పెరుగుతోంది. ఆ కలి ఆపండి. పొద్దున్నే తీసుకురండి."

ఆ సాయంత్రం ముసురు. కరెంటు లేదు. మా ఆయన కాజీపేటలో డ్యూటీలో ఉన్నాడు. కుండను పెరట్లో పగలగొట్టాను. పులుపు వాసన మాత్రం ఇంట్లోనే ఉంది. అన్నంలో పెరుగు కలిపి హారిక మంచం పక్కన కూర్చున్నాను. దానికి చేతుల్లో సత్తువ లేదు.

"జరంత తిను బిడ్డా."

రేకుల మీద చినుకులు... చీకట్లో ఊపిరి...

"తొర్రూరుదానా..."

చెయ్యి ఆగిపోయింది. పుట్టింటి ఊరి పేరు పెట్టి నన్ను పిలిచింది అత్తమ్మ ఒక్కతే.

"హారికా?"

"ఆకలైతాందే..."

ఏం చేయను? నా పిల్ల తినాలి. ముద్ద పెట్టాను. మింగింది. ఇంకోటి. మింగింది. గిన్నె ఖాళీ అయింది.

అప్పుడు, నీరసంగా, నా బిడ్డ గొంతు.

"అమ్మా... నాకు పెట్టవా? నేనింకా తినలే."

ఫోన్ లైటు వేశాను. హారిక నోరు తెరుచుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. నాలుక మీద మెతుకు లేదు. నోరు కదలడం లేదు.

కడుపు మీద చెయ్యి వేశాను.

చెయ్యి కింద ఎవరో నములుతున్నారు. తీరిగ్గా... బోసినోటితో.